ఆవులప్ప రెండుసార్లు మాట్లాడాడు

జిగణి,
జూన్ 2008

సమీనాకు,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని అలిగి ఉంటావు. అలుగు, కానీ ముందు సంగతి విను. నాకు కొత్త పని దొరికింది. ఇక్కడి మహిళా సంఘం వాళ్ళు ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. సాయంత్రం పూట అందులో మాట్లాడేది నేనే. అగరుబత్తీల ప్యాకింగులో కూర్చుని ఒకటే వాగుతున్నానని సూపర్‌వైజర్ చేత ఎన్ని చీవాట్లు తిన్నానో నీకు రాశాను కదా. ఆ వాగుడుకే ఇప్పుడు జీతం ఇస్తున్నారు.

వినబడని నీకు రేడియో గురించి రాయడమేమిటని మొదట జంకాను. డిగ్రీ రెండో ఏడాది ఆ జ్వరం నీ చెవులు తీసుకుపోయినప్పటి నుంచి మన మాటలన్నీ కాగితం మీదే కదా, ఇవి మాత్రం ఎందుకు కాకూడదు అనిపించింది. అయినా మా రేడియో హిందూపురం దాకా రాదు. జిగణి దాటి నాలుగైదు ఊళ్ళు పోతే గరగరమంటుంది.

రేషన్ డిపో మీద రెండు గదులు. బయటి శబ్దం రాకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటించాం. అయినా పక్క షెడ్డులో గ్రానైట్ కోసే మిషన్ రొద వెనక వినబడుతూనే ఉంటుంది. కార్యక్రమం పేరు కన్నడంలో 'సంజె మాతు', తెలుగులో 'సందె మాట'. ఎవరైనా ఫోన్ చేయవచ్చు, మెట్లెక్కి వచ్చి మైకు ముందు కూర్చోనూవచ్చు. నీళ్ళు రాలేదంటారు, వీధి దీపం వెలగడం లేదంటారు, మేక తప్పిపోయిందంటారు. ఇక్కడికి కూలికి వచ్చినవాళ్ళలో చాలామంది మన వైపు వాళ్ళే కాబట్టి తెలుగు, కన్నడం కలగాపులగంగా నడిచిపోతుంది.

మొన్న కెంపమ్మ అని ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "మా వీధికి ట్యాంకర్ రాక వారమాయె తల్లీ. ఆ నీళ్ళాయన పెండ్లాం ఏ నీళ్ళతో అన్నం వండుతాందో రవంత అడిగి చెప్పు" అంది. నవ్వు ఆపుకోలేక అదే మాట మళ్ళీ రేడియోలో అడిగాను. తెల్లారేసరికి ట్యాంకర్ వాళ్ళ వీధిలో ఉంది!

రేడియో చూసుకునే ఓంకార్ గారు మంచివాడే, భయం ఎక్కువ. "ఛాయాదేవి గారూ, మనం వార్తలు చెప్పకూడదు. లైసెన్సులో రాసి ఉంది. జనం కష్టసుఖాలు చెప్పుకోవచ్చు, అంతవరకే" అన్నాడు. కష్టం ఎక్కడ ఆగి వార్త ఎక్కడ మొదలవుతుందండీ అని అడిగితే కాఫీ గ్లాసు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

మీ అమ్మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రాయి.

నీ
ఛాయ


హిందూపురం,
జూలై 2008

ఛాయా,

అలగడానికి తీరిక ఏదీ? శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లన్నీ ఇప్పుడే కావాలట అందరికీ. అమ్మీ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగా పనిచేస్తోందని పక్కింటివాళ్ళు చెబుతున్నారు. ఆ విషయంలో నేను అదృష్టవంతురాలిని.

నీ రేడియో సంగతి చదివి నవ్వుకున్నాను. నీకో పని చెబుతాను. మా వీధి రామక్క నీకు గుర్తుండాలి. చెవులు పోయిన కొత్తలో నేను మూల గదిలో ముడుచుకుని ఉంటే, రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుని మెల్లగా పెదవులు కదుపుతూ మాట్లాడేది. నాకు పెదవులు చదవడం వచ్చిందంటే ఆమె పుణ్యమే. వేరుశనగ వరుసగా ఎండిపోయి, పోయిన ఏడాది ఆమె, ఆమె భర్త ఆవులప్ప మీ జిగణికే పనికి వచ్చారు. కూతురు హేమలత నా దగ్గరే ఉండి పదో తరగతి చదువుతోంది. ఆదివారం ఫోన్ బూత్‌లో నాన్నతో మాట్లాడివచ్చి, ఆయన చెప్పినవన్నీ నాకు పెదవులతో అప్పజెబుతుంది.

వాళ్ళెలా ఉన్నారో ఒకసారి చూసి రాయి. ఆవులప్ప బాగున్నానని చెప్పే మనిషే, ఎలా ఉన్నా అదే చెబుతాడు.

సమీనా


జిగణి,
ఆగస్టు 2008

సమీనా,

మీవాళ్ళను వెదకలేదు, రేడియోలో పిలిచాను. "హిందూపురం ఆవులప్ప, రామక్క ఎక్కడున్నా సరే, సమీనా అడుగుతోంది, ఒకసారి రండి" అన్నాను. మర్నాటి సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద నిలబడి ఉన్నారు. రామక్క నీ పేరు చెప్పగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవులప్ప చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు.

మైకు ముందు కూర్చోబెట్టాక చూడాలి ఆయన్ని! భయం లేదు, బెరుకు లేదు. సిటీ బస్సు కండక్టరు చిల్లర ఎలా ఎగ్గొడతాడో గొంతు మార్చి చెప్పాడు. అప్పటినుంచి సెలవు రోజు వస్తే మా దగ్గరే. ఆయన వచ్చే రోజు టీ అంగడి వాడు రేడియో గొంతు పెంచుతాడట. "ఈ పొద్దు ఆవులప్ప రాల్యాదా?" అని ఫోన్లు కూడా.

పోయిన ఆదివారం మాటల్లో పని ఎలా ఉందని అడిగాను. నిజానికి మళ్ళీ నవ్విస్తాడనే అడిగాను.

"పనికేమి మేడం, ఉండాది. రంగుల ఫ్యాక్టరీలో సంపులు కడిగేది. రంగు నీళ్ళన్నీ దాంట్లోకే వస్తాయి గదా, అడుగున బురద పేరుకుంటాది. దిగి ఎత్తిపోయల్ల. మొన్న రమేశని మాతో పనిచేసేటాయన కండ్లు తిరిగి లోపలే పడిపోయినాడు. తాడు కట్టి లాగినాం."

"మాస్కులు ఇవ్వరా?"

"మాస్కా? తువ్వాలే మాస్కు. తడిపి ముక్కుకు కట్టుకుంటాం. అడిగితే, ఇష్టముంటే దిగు, లేదంటే పో అంటారు. మేమూ మనుషులమే అని వాళ్ళకు ఎవురన్నా చెప్పల్ల మేడం. మీ రేడియో పై వాళ్ళకు వినబడుతుందా?"

ఫ్యాక్టరీ పేరు కూడా చెప్పేశాడు. అద్దం అవతల నుంచి ఓంకార్ గారు వద్దు వద్దని చేతులూపుతున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత ఫోన్లు ఆగలేదు సమీనా. మా ఫ్యాక్టరీలోనూ ఇంతే అని ఒకరు, మా అన్న ఇట్లే పోయాడని ఒకరు. ఆ సాయంత్రం జిగణి అంతా ఒకే అరుగు మీద కూర్చున్నట్టు అనిపించింది.

నీ
ఛాయ


హిందూపురం,
ఆగస్టు 2008

ఛాయా,

నీ ఉత్తరం హేమలతకు ఇచ్చాను. వాళ్ళ నాన్న మాటలున్న చోట మళ్ళీ మళ్ళీ చదివింది. కండక్టరు ముక్క దగ్గర నవ్వింది, సంపు ముక్క దగ్గర నా వైపు చూసింది. పిల్లకు ఇంతవరకూ ఆయన తోటపని అని చెప్పాడట.

బడిలో అందరికీ మా నాన్న రేడియోలో మాట్లాడతాడని చెప్పుకుంది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఫ్యాక్టరీ పేరు చెప్పాడని రాశావు. అక్కడ నువ్వు ఆపాల్సింది.

సమీనా


జిగణి,
సెప్టెంబరు 2008

సమీనా,

నువ్వు రాసిందే నిజమైంది.

ఆవులప్పను పనిలోంచి తీసేశారు. తీసింది ఫ్యాక్టరీ వాళ్ళు కాదు, వాళ్ళకు ఆయన పేరే తెలియదట. కూలీలను తెచ్చి పెట్టే కొండయ్య అని ఒక కాంట్రాక్టరు ఉన్నాడు, పెనుకొండ వాడు. వీళ్ళు ఉండే షెడ్డు కూడా అతనిదే. పొద్దున్నే మనుషులు వచ్చి వీళ్ళ సామాన్లు బయట పడేశారు. రామక్క పెట్టిన పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండగానే గిన్నె దించి బయట పెట్టారట. కెంపమ్మ, అదే ట్యాంకర్ కెంపమ్మ, రేడియోలో వింటున్నది కాబట్టి గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టి తన ఇంటి పంచలో చోటిచ్చింది. కానీ పని ఎక్కడా లేదు. గ్రానైట్ షెడ్డుకు పోతే కొండయ్య ముందే చెప్పి ఉంచాడు. బిల్డింగు మేస్త్రీల దగ్గరకు పోతే అక్కడా అదే. "రేడియో ఆవులప్ప" అని పేరు పడిపోయింది, ఆ పేరు వింటే ఎవరూ తీసుకోవడం లేదు.

నిన్న కొండయ్య మా ఆఫీసుకు వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, మనమంతా ఒక వైపు వాళ్ళం. వానిమీద నాకేం కోపం ల్యాదు. కంపెనీ వాళ్ళు నన్ను నిలదీస్తాండారు. వాడు వచ్చి ఆ పొద్దు చెప్పింది తప్పని ఇదే రేడియోలో ఒక మాట అంటే చాలు. రేపట్నుంచే పనిలోకి రానీ. షెడ్డూ ఇస్తా."

"చూసిందాన్ని చూడలేదని ఎలా చెప్పిస్తానండీ?" అన్నాను.

"మీరు చెప్పొద్దు తల్లీ. వాడు చెప్తాడు."

మేము వార్తలు ప్రసారం చేస్తున్నామని పైకి ఫిర్యాదు కూడా వెళ్ళిందట. ఓంకార్ గారికి నిద్ర లేదు. ఆయన కొండయ్య మాటకు సరేనన్నాడు. రామక్క కూడా, "చెప్పనీ అక్కా, ఏం పోతుంది" అంటోంది. ఆవులప్ప మాత్రం రోజూ పొద్దున్నే పని వెతుక్కుంటూ పోతున్నాడు. నేను కుదరదన్నాను. ఆ ఒక్క సాయంత్రం అంతమంది ఫోన్ చేసి తమ కష్టం చెప్పుకున్నారంటే ఈయన్ని నమ్మే కదా. ఇప్పుడు ఈయనే అబద్ధం అంటే వాళ్ళ మాటలన్నీ అబద్ధమైపోవా?

నేను చేసింది సరైనదేనా? నువ్వు చెప్పు.

ఛాయ


హిందూపురం,
సెప్టెంబరు 2008

ఛాయా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కోపం తెచ్చుకోకు.

ఆదివారం ఫోన్ బూత్‌లో హేమలత వాళ్ళ అమ్మతో మాట్లాడుతుంటే నేను అద్దం బయట నిలబడి దాని పెదవులు చూస్తున్నాను. "యాడ పడుకుంటాండారు? వానొస్తే?" అంటోంది. తర్వాత పెదవులు చదవలేకపోయాను, ఏడుస్తోంది. ఇంటికొచ్చి చదువు మానేసి కుట్టు మిషన్ నేర్చుకుంటానంది.

నువ్వు నెల జీతం మీద కూర్చుని నిజం గురించి ఆలోచిస్తున్నావు. వాళ్ళు పంచలో కూర్చుని రేపటి గురించి ఆలోచిస్తున్నారు. రేడియో మాట ఎంతసేపు ఉంటుంది? గాలిలో పుట్టి గాలిలో పోతుంది. ఇన్నేళ్ళుగా ఒక్క మాట కూడా వినకుండా బతుకుతున్నదాన్ని నేను, మాటల విలువ ఎంతో నాకు తెలుసు. ఉన్నా బతుకుతాం, లేకపోయినా బతుకుతాం. పని లేకపోతేనే బతకలేం.

ఆవులప్పను చెప్పనీ. ఇది నేను వేడుకుంటున్నానని అనుకో.

సమీనా


జిగణి,
అక్టోబరు 2008

సమీనా,

చెప్పించాను.

ఆవులప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్కడిదో, ఆయన ఒంటికి పెద్దది. కొండయ్య అద్దం అవతల కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కోసం ఓంకార్ గారు టీ తెప్పించాడు. నేను ఎప్పటిలా పలకరించాలి కదా, పలకరించాను. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది.

నమస్కారాలు, పేరు అన్నీ అయ్యాక చెప్పాడు. "ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. కోపంలో చెప్పినా. ఫ్యాక్టరీలో మాస్కులు ఇస్తారు. అందరికీ ఇస్తారు. నాకు దాంతో ఊపిరాడదని నేనే ఏసుకోను. నేనే తీసి పక్కన పెడతా."

ఆ చివరి రెండు మాటలు ఎందుకో నాకు అర్థం కాలేదు. తప్పు అంటే చాలన్నారు కదా? మైకు ఆపాక మెల్లగా అడిగాను. "అది కూడా చెప్పమన్యాడు మేడం, రెండుసార్లు వప్పజెప్పించుకున్యాడు. పోనీలే, వట్టి మాటే గదా" అని నవ్వాడు. మెట్లు దిగేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు, ఎదురొచ్చిన వాళ్ళెవరూ నవ్వలేదు.

ఫోన్ ఒక్కటే వచ్చింది. కెంపమ్మ. "ఏమప్పా ఆవులప్పా" అని మాత్రం అని పెట్టేసింది.

పని దొరికింది. షెడ్డు దొరికింది. నువ్వు అన్నట్టే జరిగింది, నాకు మాత్రం అన్నం సహించడం లేదు.

ఛాయ


హిందూపురం,
నవంబరు 2008

ఛాయా,

రామక్క ఫోన్ చేసిందట, బాగున్నారట. హేమలత మళ్ళీ పుస్తకాలు తీసింది, లెక్కల్లో ఫస్టు వచ్చింది. నువ్వు ఒక కుటుంబాన్ని నిలబెట్టావు. ఇంక దాని గురించి తలచుకోకు. నీకు రెండు జాకెట్లు కుట్టి పంపుతున్నాను, చేతులు సరిపోయాయో లేదో రాయి.

సమీనా


జిగణి,
జనవరి 2009

సమీనా,

మనిషిని నీ దగ్గరికి పంపాక ఉత్తరం రాస్తున్నాను. ఈ కాగితం అందేసరికి మీ వీధిలో అన్నీ అయిపోయి ఉంటాయి. నేను వ్యానులో రాలేకపోయాను. రామక్క పక్కన కూర్చునే ధైర్యం నాకు లేకపోయింది.

జరిగింది నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. పండక్కి ఫ్యాక్టరీ మూసే ముందు సంపులన్నీ కడగమన్నారట. ఆవులప్ప ముందు దిగాడు. కాసేపటికి తాడు కదలకపోతే రమేశ్ దిగాడు, తల తిరిగితే సగంలోనే పైకి లాగేశారు. ఆవులప్పను తీయడానికి ఫైరింజను రావాల్సి వచ్చింది. మెడకు తువ్వాలు కట్టే ఉందట. రమేశ్ నాతో చెప్పాడు, ఇంకెవరితోనూ చెప్పనని కూడా చెప్పాడు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి రామక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "అక్కా, ఆయప్ప ఏదన్నా మాట్లాడితే మీరు అందరికీ వినబడేట్టు చేస్తారు గదా. లోపల్నుంచి పిలిచి ఉంటాడు. ఎవురికీ వినబడలేదా?" అని అడిగింది.



ఛాయ


హిందూపురం,
జనవరి 2009

ఛాయా,

మనిషిని సాగనంపాం. వీధంతా వచ్చింది. కొండయ్య పూలదండ పంపాడు, రామక్క తమ్ముడు దాన్ని తీసి కాలువలో వేశాడు.

హేమలత ఏడవడం లేదు. ఒక్కటే అడుగుతోంది. నాన్న రేడియోలో మాట్లాడింది కావాలంటోంది. ఇంట్లో ఆయనది ఒక ఫోటో ఉంది, అది కూడా పెళ్ళిలో ఎవరి వెనకో నిలబడినది. గొంతు ఎక్కడా లేదు. నా దగ్గర అమ్మీ పాటలు వినే టేప్ రికార్డర్ ఉంది, క్యాసెట్ పంపితే చాలు. కండక్టరు ముక్క ఉన్నది, సంపు ముక్క ఉన్నది. ఆ ఆగస్టులోవి పంపు.

సెప్టెంబరులో నేను రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చించెయ్యి. లేదా ఉంచు. నాకు తెలియడం లేదు.

సమీనా


జిగణి,
మార్చి 2009

సమీనా,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. ఆగస్టులోవి లేవు.

మేము ప్రసారం చేసినవి మూడు నెలలు దాచి తర్వాత చెరిపేస్తాం. అది రూలు, ఎవరూ కావాలని చేసింది కాదు. ఆగస్టుది నవంబరులోనే పోయింది, కండక్టరు ముక్కా పోయింది. రెండోసారి మాట్లాడింది మాత్రం మిగిలింది. ఎందుకంటే దాని కాపీ కావాలని కంపెనీ వాళ్ళు మరుసటి రోజే రాతపూర్వకంగా అడిగి తీసుకున్నారు, దాంతో దాన్ని మా దగ్గర కూడా చెరపకుండా ఉంచారు.

రామక్క ఫిర్యాదు మీద, ప్రమాదంలో తప్పెవరిదని విచారణ పెట్టారు. నన్ను సాక్షిగా పిలిచారు. చిన్న గది, పైన ఫ్యాను తిరుగుతోంది. కంపెనీ లాయరు టేపు పెట్టాడు. "మాస్కులు ఇస్తారు. నేనే ఏసుకోను. నేనే తీసి పక్కన పెడతా." రామక్క బెంచీ మీదనుంచి లేచి నిలబడింది. మొగుడి గొంతు విని లేచింది సమీనా, ఆ మాటలేమిటో తర్వాత అర్థమైంది. మళ్ళీ కూర్చుంది.

"ఇది ఆవులప్ప గొంతేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"అవును సార్. కానీ అంతకు ముందు..."

"ఇది ఆయన గొంతేనా, కాదా?"

"ఆయనదే."

"ఆయన్ని ఎవరైనా పట్టుకుని చెప్పించారా? మీ ఎదురుగా బెదిరించారా?"

"లేదు సార్. కొండయ్య బయట కూర్చున్నాడు. ఉద్యోగం కోసం చెప్పాడు. ఆగస్టులో నిజం చెప్పాడు, ఊరంతా విన్నది."

"ఆ రికార్డింగు ఇవ్వండి."

"చెరిపేశారు."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఊరంతా విన్నదన్నారు కదమ్మా. విన్నవాళ్ళను తీసుకురండి" అని వాయిదా ఇచ్చాడు.

షెడ్డు షెడ్డుకూ తిరిగాను. అందరికీ గుర్తుంది. తువ్వాలే మాస్కు అన్నాడు కదా అని వాళ్ళే నాకు చెబుతారు. వచ్చి చెప్పమంటే లోపలికి పోతారు. వాళ్ళను అనడానికి నాకు నోరు రాలేదు, అందరూ కొండయ్య షెడ్డుల్లోనే ఉన్నారు. రమేశ్ ఊరే వెళ్ళిపోయాడు. చివరికి కెంపమ్మ ఒక్కతే నాతో వచ్చింది. జాకెట్ మీద కొత్త శాలువా కప్పుకుని వచ్చింది. ఆఫీసరు ఆమెను అడిగాడు, ఫ్యాక్టరీ లోపల ఎప్పుడైనా చూశావా అని. "ఇల్ల సామీ, చూళ్ళేదు, రేడియోలో విన్నా" అంది. రేడియోలో విన్నదే మేమూ విన్నాం అన్నాడు లాయరు.

ఆవులప్ప తన అజాగ్రత్త వల్లనే పోయాడని రాశారు.

నేను ఇంకా ఇక్కడే పనిచేస్తున్నాను. మానేస్తానని వెళ్ళాను, మా ఆయన పనిచేసే బస్సుల కంపెనీ మూతపడుతోంది, మానలేదు. 'సందె మాట'లో ఇప్పుడు పాటలు, వంటలు. ఎవరైనా ఫోన్ చేసి తన పేరూ, పనిచేసే చోటూ చెప్పబోతే నేనే ఆపేస్తున్నాను. "పేరు వద్దండీ" అంటున్నాను. ఓంకార్ గారు నేను బాగా నేర్చుకున్నానని మెచ్చుకున్నాడు.

దీనితో క్యాసెట్ పంపుతున్నాను. అందులో ఉన్నది రెండోసారిది. ఇచ్చేదీ లేనిదీ నీ ఇష్టం. నేనైతే ఇవ్వలేను.

ఛాయ


హిందూపురం,
మే 2009

ఛాయా,

క్యాసెట్ చాలా రోజులు పెట్టెలో దాచాను. పరీక్షలు కానీ అనుకున్నాను. పరీక్షలు బాగానే రాసింది. నిన్న రామక్క వచ్చింది. కూతుర్ని తీసుకుపోతానంది. జిగణిలో గార్మెంట్స్‌లో చేర్పిస్తుందట. ఆ పని ఎవరు చూపించారని అడిగాను. తల పక్కకు తిప్పుకుని చెప్పింది, నేను పెదవులు చూడలేకపోయాను. మళ్ళీ చెప్పమన్నాను. కొండయ్య.

ఇంటర్మీడియట్ నేను చదివిస్తాను, ఇక్కడే ఉండనీ అని బతిమాలాను. "ఒక్కదాన్నే ఆ షెడ్డులో ఉండలేను సమీనా" అంది. నా ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా మెల్లగా, వెనకటి రోజుల్లో నాతో మాట్లాడినట్టే అంది. నేను కాదనలేకపోయాను. రేపు బస్సు. నువ్వు ఒకసారి వెళ్ళి పిల్లను చూడు. దాన్ని మైకు ముందుకు మాత్రం పిలవకు.

ఈ మధ్యాహ్నం క్యాసెట్ ఇచ్చాను. అందులో ఏముందో ముందే చెప్పాను, రెండోసారిదని. అది తెలుసన్నట్టు తల ఊపింది. టేప్ రికార్డర్ కింద పెట్టుకుని కూర్చుంది. నేను మిషన్ దగ్గర నుంచి దాని ముఖం చూస్తున్నాను. మీట నొక్కింది. ముఖం వెలిగింది ఛాయా, నిజంగా వెలిగింది. అంతలోనే ఆపేసింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతలోనే ఆపేసింది. ఎన్నిసార్లు అలా చేసిందో. చివరిదాకా ఒక్కసారి కూడా పోనివ్వలేదు.

ఏమంటున్నాడని అడిగాను. నా వైపు తిరిగి చెప్పింది. "అందరికీ నమస్కారమప్పా. నేను ఆవులప్పను. అందరూ బాగుండారా?"

"తర్వాత?"

"తర్వాతది మా నాయన మాట కాదక్కా" అంది.

టేప్ రికార్డర్ మీద రికార్డు చేసే మీట ఉంది. అమ్మీ ఎప్పుడూ వాడలేదు. హేమలత నాన్న పలకరింపు అయ్యేదాకా పోనిచ్చి, ఆ మీట నొక్కింది. తక్కినదంతా చెరిగిపోతుందట. కానీ ఈ గదిలో ఏ చప్పుడైనా అయితే అది అందులో పడుతుందని, మిషన్ ఆపమని చేత్తో సైగ చేసింది.

మిషన్ ఆపాను. ఇన్నేళ్ళలో నా చప్పుడు గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. గాజులు తగులుతాయేమోనని చేతులు ఒడిలో విడివిడిగా పెట్టుకున్నాను. అమ్మీ నిద్రపోతోంది. రామక్క గుమ్మంలోకి వచ్చి, ఏమీ అడగకుండా అక్కడే నిలబడిపోయింది. టేపు అయిపోయేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం, కదలకుండా.

సమీనా